ముగియని శనివారం

ప్రశ్న: నేను ఒక సంస్థలో అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. మూడేళ్లుగా ప్రతి శనివారం రాత్రి మా ఇంట్లో ఐదుగురు స్నేహితులకు ఒక రోల్‌ప్లేయింగ్ గేమ్, అంటే తలా ఒక పాత్ర పోషిస్తూ మాటలతో, పాచికలతో కథ సాగించే ఆట, నడుపుతున్నాను. ఆ కథను నడిపించే గేమ్ మాస్టర్‌ని నేనే కాబట్టి ప్రపంచం, పాత్రలు, మ్యాపులు అన్నీ నేనే తయారుచేసుకుంటాను. ఆట నాలుగైదు గంటలు సాగితే, దాని తయారీకి వారంలో మరో పది గంటలు పడుతోంది. ఒక నవల కూడా మొదలుపెట్టాను. రెండేళ్లయినా అది మూడో అధ్యాయం దాటలేదు. మా వారు ఆటకు ఎన్నడూ అడ్డు చెప్పలేదు గానీ, ఈ మధ్య ఒకరోజు "నువ్వు ఇంట్లో ఉన్నా ఇంట్లో ఉండటం లేదు" అన్నారు. మా అమ్మాయికి ఏడేళ్లు. పదకొండేళ్ల కుక్క, రెండు పిల్లులు ఉన్నాయి. కుక్కకు ఉదయం, రాత్రి మాత్ర వేయాలి. పోయిన నెల ఆట ధ్యాసలో పడి ఒక రాత్రి మరిచిపోయాను. ప్రమాదమేమీ జరగలేదు గానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను ఆట మానేయాలా, నవల మానేయాలా? రెండూ మానేస్తే నాకంటూ ఏమి మిగులుతుందో తెలియడం లేదు.

సమాధానం: మీ చిక్కు ఈ ఆట కంటే పాతది. డేవ్ ఆర్నెసన్‌తో కలిసి 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఇలాంటి ఆటను లోకానికి ఇచ్చిన గేరీ గైగాక్స్, దానికి చాలా ఏళ్ల ముందే బొమ్మ సైన్యాలతో ఆడే యుద్ధక్రీడల మోజులో పడి తరచూ ఇల్లు పట్టకుండా ఉండేవాడు. గర్భవతిగా ఉన్న భార్య, ఆయన మరెవరి దగ్గరికో వెళ్తున్నాడని అనుమానపడి, నిలదీద్దామని వెతుక్కుంటూ వెళ్తే, ఒక మిత్రుడి ఇంటి నేలమాళిగలో మ్యాపు పరిచిన బల్ల చుట్టూ నలుగురితో కలిసి కూర్చుని కనిపించాడని ఆయన గురించి రాసినవారు చెబుతారు. కొన్నేళ్ల తర్వాత తన కొత్త ఆటను మొట్టమొదట ఆడించి చూసింది సొంత పిల్లల్లో ఇద్దరితోనే అన్నది కూడా ఆ జీవితంలోని ముచ్చటే. ఒకే మనిషి, ఒకే వ్యసనం. ఒకసారి అది ఇంటి నుంచి దూరం చేసింది, మరోసారి పిల్లల పక్కన కూర్చోబెట్టింది. అందుకే "మానేయాలా" అన్న ప్రశ్నను కాసేపు పక్కన పెడదాం.

మీ వారి మాటను మీరు సరిగ్గా రాసి ఉంటే, అది చాలా జాగ్రత్తగా ఎంచి అన్న మాట. శనివారం బల్ల దగ్గర కూర్చోవద్దని ఆయన అనలేదు, నవల రాయవద్దనీ అనలేదు. ఇంట్లో ఉన్న వేళల్లో మీరు లేరని అన్నారు. వారానికి 168 గంటలు. ఆటకూ తయారీకీ కలిపి మీ లెక్క ప్రకారం పదిహేను. ఉద్యోగం చేసే మనిషికి అది తక్కువేమీ కాదు గానీ, ఒక కాపురాన్ని కదిలించేంత పెద్ద సంఖ్య కూడా కాదు. అసలు సంగతి ఆ పది గంటల తయారీ ఎప్పుడు జరుగుతోందన్నది, దాన్ని మీరు రాయలేదు. ఊహించమంటే, అది ఒక్క చోట కూర్చుని చేసే పది గంటలు అయ్యుండదు. అమ్మాయి బడి కబుర్లు చెబుతున్నప్పుడు ఐదు నిమిషాలు, పడుకునే ముందు ఫోనులో ముప్పావు గంట, కుక్కను నడిపిస్తూ ఒక గూఢచారి పాత్ర గురించి ఆలోచన, మధ్యలో ప్లేయర్లు గ్రూపులో అడిగిన సందేహాలకు జవాబులు. ఇలా చిల్లరగా ఖర్చయ్యే పది గంటలు ఇంట్లోవాళ్లకు పది గంటల్లా కనిపించవు, వారమంతా కనిపిస్తాయి. శనివారానికి ముగింపు ఉంది, తలుపు దగ్గర వీడ్కోలు ఉంది. మిగతా ఆరు రోజుల ఆటకు అదేదీ లేదు.

ఇక నవల సంగతి. మీరు రెండేళ్లుగా రాయడం లేదని అనుకుంటున్నారు. నాకు అలా అనిపించడం లేదు. వారానికి పది గంటల చొప్పున మీరు రాస్తూనే ఉన్నారు, కాకపోతే ఎవరూ చదవనిది రాస్తున్నారు. రాజవంశాల చరిత్ర, అడవి పుట్టుక, విలన్ బాల్యం, ప్లేయర్లు ఎన్నడూ అడుగుపెట్టని రేవు పట్టణంలోని వీధుల పేర్లు, ఇవన్నీ కథకురాలి చేతి నుంచి వచ్చిన సరుకే. అది బల్ల దగ్గరికి చేరదు, ఎందుకంటే అక్కడ ఆట ఐదుగురి నిర్ణయాల మీద, పాచికల మీద నడుస్తుంది. పుస్తకంలోకీ చేరదు, ఎందుకంటే దాన్ని ఆట కోసం రాశారు. నీరు పల్లమెరుగు అన్నట్టు, మన ఊహాశక్తి కూడా చప్పట్లు త్వరగా దొరికే వైపుకే పారుతుంది. శనివారం రాత్రి మీరు ఒక పాత్ర గొంతు మార్చి మాట్లాడితే ఎదురుగా ఐదు ముఖాలు వెలుగుతాయి. నవలలో మూడో అధ్యాయం నాలుగో పేజీకి ఎవరూ నవ్వరు, ఎవరూ ఉలిక్కిపడరు, కనీసం ఏడాది పాటు ఆ పేజీకి మీరొక్కరే పాఠకురాలు. ఈ పందెంలో నవల ఓడిపోవడం మీ బద్ధకం వల్ల జరిగింది కాదు.

నాదీ ఇదే జబ్బు. ఒకప్పుడు నేను నడిపిన ఆటలో ఒక నదీతీర నగరాన్ని మూడు వారాలు కూర్చుని కట్టాను: నలభై మంది మనుషులు, వారి పగలు, అప్పులు, రహస్య ప్రేమలు. ప్లేయర్లు వంతెన దాకా వచ్చి, కాపలావాడి మాట నచ్చక, వంతెనకు నిప్పు పెట్టి అవతలి కొండల వైపు వెళ్లిపోయారు. ఆ రాత్రి కొండల గురించి నా దగ్గర ఒక్క వాక్యం కూడా లేదు, అయినా ఆ సెషనే వాళ్లకు ఇప్పటికీ గుర్తుంది. కొండంత రాగం తీసి గోరంత పాట పాడినట్టు అంటారు కదా. నా విషయంలో రాగం ఇంట్లో వాళ్లు విన్నారు, పాట మాత్రం వేరేవాళ్లకు దక్కింది. దాని తర్వాతే తయారీకి రెండు గంటల హద్దు పెట్టుకున్నాను. మొదటి నెల భయంగా గడిచింది. బల్ల దగ్గర తేడాను ఎవరూ గమనించలేదని తెలిసినప్పుడు కొంచెం అవమానంగా కూడా అనిపించింది.

రెండు గంటల్లో ఏమి చేయవచ్చో చెబుతాను, ఎందుకంటే మీ సమస్యలో నిజంగా విప్పగల ముడి ఇదే. ప్రతి సెషన్ చివర, అందరూ లేవకముందే, "వచ్చేసారి మీరు ఎటు వెళ్తారు, ఏం చేయాలనుకుంటున్నారు" అని ప్లేయర్లను అడిగి, ఆ జవాబుకు వాళ్లను కట్టుబడి ఉండమనండి. సగం తయారీ అక్కడే తగ్గిపోతుంది, ఎందుకంటే మనం గంటల కొద్దీ రాసేది సాధారణంగా వాళ్లు వెళ్లని దారుల గురించే. తర్వాత, కథను రాయకండి. పరిస్థితిని మాత్రం రాయండి. "వీళ్లు కోటలోకి వెళ్తారు, అక్కడ ద్రోహి బయటపడతాడు, తర్వాత వెంటాడతారు" అని రాసుకుంటే ప్లేయర్లు మొదటి మలుపులోనే తప్పిపోతారు, మిగతాదంతా వృథా. "కోటలో ముగ్గురున్నారు, ఒకరికి ఇది కావాలి, ఒకరికి అది కావాలి, ఇద్దరికీ మూడోవాడంటే భయం" అని రాసుకుంటే వాళ్లు ఎటునుంచి వచ్చినా ఆ పేజీ పనికొస్తుంది. వాళ్లకు తప్పక తెలియాల్సిన రహస్యం ఏదైనా ఉంటే, దాన్ని చేరే దారులు మూడు పెట్టండి. ఒకదాన్ని గమనించరు, ఇంకోదాన్ని అపార్థం చేసుకుంటారు, మూడోది పట్టుకుంటారు. ఇది అనుభవమున్న గేమ్ మాస్టర్ల మధ్య ఎంతోకాలంగా చలామణిలో ఉన్న సూత్రమే.

తెర వెనుక జరిగే సంగతులకు పేజీలు ఖర్చుపెట్టే అలవాటు ఉన్నవారికి, 2017లో వచ్చిన బ్లేడ్స్ ఇన్ ద డార్క్ అనే ఆటలో బాగా వాడుకలోకి వచ్చిన "గడియారం" పద్ధతి మంచి మందు. ఒక వృత్తం గీసి నాలుగు, ఆరు, లేదా ఎనిమిది ముక్కలు చేస్తారు. పక్కన "తిరుగుబాటు మొదలవుతుంది" అని ఒక్క మాట రాస్తారు. ప్లేయర్లు ఆలస్యం చేసినప్పుడో, పొరపాటు చేసినప్పుడో ఒక ముక్క నింపుతారు. వృత్తం నిండితే ఆ సంగతి జరిగిపోతుంది. తిరుగుబాటు ఎవరు, ఎందుకు, ఎలా అన్న పది పేజీల చరిత్రకు బదులు ఒక చిన్న బొమ్మ చాలు. వీటితోపాటు ఇరవై పేర్లున్న ఒక కాగితం దగ్గర ఉంచుకోండి. దారిన పోయే మనిషికి అప్పటికప్పుడు పేరు పెట్టలేక తడబడటమే మనల్ని అతిగా తయారయ్యేలా చేసే భయాల్లో మొదటిది, దానికి ఆ కాగితం సరిపోతుంది.

ఆట ఎన్నాళ్లకొకసారి అన్నది రెండో ప్రశ్న. వారం వారం ఆడటం ఇరవై ఏళ్ల వయసులో, బాధ్యతలు లేనప్పుడు కుదిరిన లయ. దాన్నే ఇప్పుడూ పట్టుకు వేలాడనక్కర్లేదు. రెండు వారాలకొకసారి పెట్టండి, మూడున్నర గంటలకు మించనివ్వకండి, ముగింపు సమయాన్ని ముందే ప్రకటించండి. ఎవరో ఒకరు రాలేకపోతే ఆట వాయిదా వేసే అలవాటు ఉంటే దాన్ని ఈ రోజే వదిలేయండి. చిన్న లెక్క చూడండి: ప్రతి ప్లేయరూ ఐదుసార్లలో నాలుగుసార్లు రాగలడనుకుంటే, ఐదుగురూ ఒకేసారి హాజరయ్యే అవకాశం నూటికి 33 మాత్రమే, కనీసం ముగ్గురు ఉంటారనే అవకాశం నూటికి 94. అంటే "అందరూ ఉంటేనే" అనే నియమం మూడింట రెండు శనివారాలను పాడుచేస్తుంది, "ముగ్గురుంటే ఆడదాం" అనే నియమం దాదాపు అన్నింటినీ కాపాడుతుంది. వాయిదా పడిన ప్రతి ఆట ఇంటివాళ్ల మరో రోజును తినేస్తుంది కాబట్టి, ఇది ప్లేయర్ల సౌకర్యం కంటే మీ ఇంటి నెమ్మది కోసం పెట్టుకోవలసిన నియమం. రాని మనిషి పాత్ర ఎక్కడికి పోయిందన్న ప్రశ్న రాకుండా, వీలైనంతవరకు ప్రతి సెషన్‌నూ ఒక సురక్షితమైన చోట, బసలోనో ఓడలోనో, ముగించండి.

ఇంకొక మాట. మూడేళ్లుగా ఐదుగురికి మీరొక్కరే ఆతిథ్యం ఇస్తూ, మీరొక్కరే కథ చెబుతున్నారు. వాళ్లలో ఒకరిద్దరికైనా గేమ్ మాస్టర్ కుర్చీలో కూర్చోవాలని ఉండే ఉంటుంది. మీ దగ్గర మాట ఎత్తడానికి మొహమాటపడుతుంటారు. మూడు నెలలకొకసారి వాళ్లెవరినైనా ఒక్క రాత్రిలో ముగిసే ఆట నడపమనండి, వాళ్ల ఇంట్లో. అసలు గేమ్ మాస్టర్ అవసరమే లేని ఆటలు కూడా ఉన్నాయి. 2009లో వచ్చిన ఫియాస్కో ముగ్గురి నుంచి ఐదుగురు కలిసి, ఎవరి తయారీ లేకుండా, ఒక్క రాత్రిలో ఆడి ముగించేది. మీరు కూడా ఆడాలనుకుంటే అయిదుగురు దాటకూడదు కాబట్టి, ఎవరో ఒకరు రాని రాత్రికి అది అచ్చంగా సరిపోతుంది.

ఇప్పుడు లెక్క తిరగేద్దాం. ఆట నెలకు రెండు, తయారీ ఒక్కోదానికి రెండు గంటలు అయితే, వారానికి సగటున పదకొండు, పన్నెండు గంటలు మీ చేతికి తిరిగి వస్తాయి. ఇక్కడే మీరు ఒక తప్పు చేసే ప్రమాదం ఉంది: ఆ గంటలన్నీ నవలకు ఇచ్చేయాలనుకుంటారు. దయచేసి అలా చేయకండి. మీ వారికి అది ఒక వ్యసనం పోయి మరొకటి వచ్చినట్టే ఉంటుంది, అలా అనుకుంటే ఆయన తప్పూ కాదు. మిగిలిన దానిలో మూడు గంటలు నవలకు, మిగతాది పేరు పెట్టకుండా ఇంటికి వదిలేయండి.

మూడు గంటలు చాలవనుకుంటున్నారేమో. పందొమ్మిదో శతాబ్దపు ఆంగ్ల నవలాకారుడు ఆంథొనీ ట్రోలోప్ తపాలా శాఖలో పూర్తికాల ఉద్యోగం చేస్తూనే డజన్ల కొద్దీ నవలలు రాశాడు. తెల్లవారి ఐదున్నరకు బల్ల ముందు కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని, పావుగంటకు 250 పదాలు రాయాలని నియమం పెట్టుకున్నానని తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఆయనను వేళకు నిద్రలేపడానికి ఒక పనివాడు ఉండేవాడన్న సంగతి కూడా ఆ పుస్తకంలోనే ఉంది. ఇలాంటి ఆదర్శాలను చూపేవాళ్లు సాధారణంగా ఆ పనివాడిని వదిలేస్తారు. కాబట్టి ఆయన వేగాన్ని వదిలేసి గడియారాన్ని మాత్రం తీసుకుందాం. వారానికి నాలుగు రోజులు, రోజుకు ముప్పావు గంట, 200 పదాలు. అది వారానికి 800, ఏడాదిలో యాభై వారాలకు 40,000 పదాలు. మన భాషలో ఒక్క పదంలోనే సగం వాక్యం ఇమిడిపోతుంది కాబట్టి 40,000 పదాలంటే చేతికి బరువు తెలిసే నవలే. ఆ ముప్పావు గంట రోజూ ఒకే వేళకు ఉండాలి, ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి, అది అయిపోగానే పుస్తకం నిజంగా మూతపడాలి. రేపు మొదలుపెట్టవలసిన వాక్యాన్ని సగం రాసి ఆపడం మంచి అలవాటు. మర్నాడు ఖాళీ పేజీతో కుస్తీ ఉండదు, ఆ రాత్రి బుర్రలో కథ గిరగిరా తిరగడమూ తగ్గుతుంది.

మీ ఆటనే నవలగా మార్చాలన్న ఆలోచన ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, బహుశా ఇప్పటికే వచ్చి ఆ మూడో అధ్యాయంలో ఇరుక్కుని ఉంటుంది. దానికి నేను వ్యతిరేకిని. బల్ల దగ్గర ఐదుగురూ సమానంగా నాయకులు, ప్రతి ఒక్కరికీ వంతు రావాలి. నవలకు అంత మంది సమాన నాయకులు బరువు. బల్ల దగ్గర ఇరవై ముఖాల పాచిక సరిగ్గా వేళకు ఇరవై చూపించడం మహాద్భుతం. పేజీ మీద అదే సంఘటన రచయిత్రి చేతివాటంలా కనిపిస్తుంది. అన్నిటికీ మించి, ఆ పాత్రలు మీవి కావు. వాటిని ప్రాణం పెట్టి మూడేళ్లు మోసింది మీ స్నేహితులు, ఒక్క పాత్రను తీసుకోవాలన్నా అడిగి తీసుకోవాలి. నా ప్లేయర్లు వంతెనకు నిప్పు పెట్టినట్టు మీవాళ్లు మీరు ఊహించనిది చేసిన క్షణంలో మీకు కలిగిన ఆశ్చర్యాన్ని తీసుకోండి. అది మాత్రం పూర్తిగా మీ సొత్తు.

మీ వారి దగ్గరికి వస్తాను. మీరు ఆయనకు సమయం "కేటాయిస్తానని" చెప్పవద్దు. ఆ మాటలోనే ఆయన మీ పట్టికలో ఒక గడి అయిపోతారు. దానికి బదులు, మూడేళ్లుగా ప్రతి శనివారం రాత్రి అమ్మాయిని నిద్రపుచ్చింది ఎవరో, బల్ల చుట్టూ జరిగే గోలలో తన ఇంట్లో తానే ఒక మూల గదిలో కూర్చుంది ఎవరో ఒకసారి పైకి అనండి. తర్వాత, ఆట లేని శనివారాల్లో ఒకటి పూర్తిగా ఆయనది కావాలి: ఆయన ఎక్కడికి వెళ్లినా, ఏమీ చేయకుండా పడుకున్నా, ఆ సాయంత్రం ఇల్లూ బిడ్డా జంతువులూ మీ బాధ్యత. ఇలాంటి ఒప్పందం ఉన్న ఇళ్లలో ఆట మీద కోపం పెరగడం నేను అరుదుగా చూశాను. ఆయనను ఆటలోకి లాగే ప్రయత్నం మాత్రం చేయకండి. ఇష్టం ఉంటే మూడేళ్లలో ఆయనే ఒక పాత్ర తయారుచేసుకుని ఉండేవారు.

అమ్మాయి విషయం వేరు. ఏడేళ్ల పిల్లకు ఆట కుతూహలంగానే ఉంటుంది, కానీ పెద్దల సెషన్‌లో ఒక మూల కూర్చోబెట్టి "ఆడిస్తున్నాం" అనుకోవడం ఆమెకు అన్యాయం. ఆమెకు ఒక ఆరు ముఖాల పాచిక, ఒక నియమం చాలు: నాలుగు లేదా పైన పడితే అనుకున్నది జరుగుతుంది, తక్కువ పడితే జరుగుతుంది గానీ ఒక చిక్కు వస్తుంది. అరగంట, అంతే. పిల్లల కథల్లో విలన్లు చాలా త్వరగా స్నేహితులైపోతారు, దాన్ని సరిదిద్దకండి. ఈ అరగంటకు తయారీ నిషేధం. ఆమె చెప్పే ప్రపంచంలోకే మీరు వెళ్లాలి. ఫోనులోని ఆట గ్రూపును మౌనంలో పెట్టి, వారంలో ఫలానా రోజు ఫలానా గంటలోనే జవాబిస్తానని ప్లేయర్లకు చెప్పండి. మధ్యలో తట్టే ఆలోచనలకు జేబులో పట్టే చిన్న పుస్తకం పెట్టుకోండి, ఒక్క వరుస రాసి మూసేయండి. ఫోనులో రాసుకుంటే ఆ వరుస పక్కనే ఇరవై సందేశాలు ఎదురుచూస్తుంటాయి.

మూగజీవాల సంగతి మీరు ఉత్తరం చివర రాశారు గానీ, నిద్ర పట్టనిది దానివల్లే కదా. కుక్క మాత్రను జ్ఞాపకానికి వదలకండి. గేమ్ మాస్టర్ బుర్ర ఆట నడుస్తున్నప్పుడు ఒకేసారి అరడజను మందిని మోస్తుంటుంది, దానిలో ఏడోదానికి చోటు ఉండదని ముందే ఒప్పుకోవాలి. మాత్ర వేళ ఆటకు ముందైతే, మాత్ర వేసేవరకు మొదటి పాచిక వేయకూడదన్నది బల్ల నియమం కావాలి. మధ్యలో పడితే ఆ వేళకే విరామం పెట్టండి, దాని బాధ్యతను ఒక ప్లేయర్‌కు పేరుపెట్టి అప్పగించండి. పదకొండేళ్ల కుక్కను ఎలాగూ తరచుగా బయటికి తీసుకెళ్లాల్సి ఉంటుంది, కాబట్టి గంటన్నరకొకసారి విరామం దానికీ మంచిదే, ఐదుగురు మనుషుల నడుములకూ మంచిదే. ఒక మాత్ర మరిచిపోయినప్పుడు తర్వాతిసారి రెండు కలిపి వేయవద్దు. ఏం చేయాలో పశువైద్యుణ్ణి ముందే అడిగి రాసి గోడకు అంటించుకోండి.

పిల్లులు సహజంగా తెల్లవారుజామున, సందెవేళ ఎక్కువ చురుకుగా ఉంటాయి. మీ బల్ల మీద చిన్న బొమ్మలు కొలువుదీరే సమయమూ సుమారుగా అదే. వాటిని గదిలో పెట్టి తలుపు వేస్తే రాత్రంతా తలుపు గీకుతాయి. ఆటకు పావుగంట ముందు తాడుకు కట్టిన బొమ్మతో వాటిని బాగా పరిగెత్తించి, ఆ వెంటనే వాటి తిండి పెట్టండి. వేట, తిండి, ఒళ్లు నాక్కోవడం, నిద్ర, ఈ వరుస వాటి స్వభావంలోనే ఉంది. మొదటి రెండూ మీరు ఏర్పాటు చేస్తే మిగతా రెండూ అవే చూసుకుంటాయి. ఆట ముగిశాక, పిల్లులు ఏదీ మింగకుండా, పాచికలను లెక్కపెట్టి పెట్టెలో వేయండి. మామూలు సెట్టులో ఏడు ఉంటాయి కాబట్టి ఏడుల లెక్కన చూస్తే తప్పిపోయినది వెంటనే తెలుస్తుంది. బల్ల మీది చిన్న బొమ్మల (మినియేచర్ల) అడుగున అయస్కాంతాలు అంటించి ఉంటే మరింత జాగ్రత్త. ఒకటికంటే ఎక్కువ అయస్కాంతాలు మింగితే అవి పేగుల గోడలకు అటూ ఇటూ ఉండి ఒకదాన్నొకటి లాక్కుని, మధ్యలో చిక్కిన పేగును దెబ్బతీస్తాయి. అలాంటి అనుమానం వస్తే తెల్లారేదాకా ఆగకుండా వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. ఈ జాగ్రత్త మీ అమ్మాయికీ వర్తిస్తుంది.

ఉద్యోగం గురించి ఎక్కువ చెప్పను, మీరూ దాని మీద ఫిర్యాదు చేయలేదు. ఆట తయారీని ఆఫీసు వేళల్లోకి తీసుకెళ్లవద్దు, ఏడాది లెక్కలు ముగించే రోజుల్లో నెలరోజుల పాటు ఆట లేదని ముందే క్యాలెండర్లో రాసేయండి. ఆ నెలలో నవల పదాలను రోజుకు యాభైకి తగ్గించండి గానీ సున్నా చేయకండి. ఆట అయిన రాత్రి వెంటనే నిద్ర రాదు, ఆ ఉద్వేగం దిగడానికి సమయం పడుతుంది. అందుకే మర్నాడు పని ఉన్న రాత్రి ఎన్నడూ ఆడవద్దు. శనివారం మధ్యాహ్నానికి మార్చగలిగితే ఇంకా మేలు, రాత్రి మీరు అమ్మాయి పక్కన ఉంటారు.

ఈ వారం చేయవలసింది ఒక్కటే. వచ్చే శనివారం ఆట లేదని ప్లేయర్లకు ఈ రోజే రాయండి, కారణం దాచకుండా. తర్వాతి సెషన్ తేదీ, ముగింపు వేళ, ముగ్గురుంటే ఆడదాం అన్న నియమం, ఎవరి ఇంట్లో అన్నది, అన్నీ ఆ సందేశంలోనే ఉండాలి. ఆ ఖాళీ శనివారం సాయంత్రం ఎలా గడపాలో మీ వారిని ఎంచుకోమనండి. కుక్కకు మాత్ర వేసే పని మాత్రం ఆ రోజు మీరే చేయండి.